టో ద లైన్‌కు నేను రాసిన తెలుగు

పర్సనెల్ ఆఫీసరు నా చేతికిచ్చిన చిత్తు కాగితంలో ఒక మాట తప్పుగా ఉంది. వైండింగ్ సెక్షన్‌లో పనిచేసే ఆడవాళ్ళందరూ ఇకమీదట ‘టో ద లైన్’ చేయాలనీ, అంటే చెప్పినట్టు వినాలనీ, చేయనివాళ్ళ మీద చర్య తీసుకుంటామనీ ఆయన ఇంగ్లీషులో రాశాడు. ఆ ‘టో’ను టి, ఓ, డబ్ల్యూ అని రాశాడు. అది తాడు కట్టి లాగే టో. హోసూరులో ఉన్నవాళ్ళకు ఆ మాట చదువుకోకపోయినా తెలుసు. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర చెడిపోయిన లారీకి గొలుసు తగిలించి ఇంకో లారీ లాక్కుపోవడం వారానికొకసారైనా కనబడేది. ఆయన రాయదలచుకున్నది టి, ఓ, ఇ. అంటే కాలివేలు.

టైపు కొట్టేటప్పుడు నేను దాన్ని దిద్దాను. సంతకానికి తీసుకుపోతే ఆయన చూసి, నా మాట ఎందుకు మార్చావని అడిగాడు. స్పెల్లింగ్ తప్పు పడింది సార్ అన్నాను. రెండూ ఒకటే అన్నాడు. కాదు సార్, ఒకటి లాగడం, ఇంకొకటి కాలివేలు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. ఆరు నెలలుగా ఆ గదిలోనే కూర్చుని టైపు కొడుతున్నాను. అంతవరకు ఆయన చూసింది నా చేతిలోని కాగితాలనే.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. బెంగుళూరు రోడ్డుకు అటూ ఇటూ రాగుల చేలు పోయి రేకుల షెడ్లు లేస్తున్న కాలం. మా ఫ్యాక్టరీ పెద్దదేమీ కాదు. మోటార్లకు రాగి తీగ చుట్టి ఇచ్చే పని. తీగ చుట్టడానికి ఆడవాళ్ళ చేతులే కావాలని ముప్పై మందికి పైగా ఆడవాళ్ళను పెట్టుకున్నారు. కొందరు చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, కొందరు కుప్పం, పలమనేరు వైపు నుంచి కొత్తగా వచ్చి హోసూరులో చిన్న గదులు తీసుకుని ఉంటున్నవాళ్ళు. ఆఫీసులో మటుకు ఆడది నేనొక్కదాన్నే.

మాది కృష్ణగిరి. మా నాయనకు పాత్రల అంగడి. మా ఇళ్ళలో ఆడపిల్ల ఇంకొకరి దగ్గర పనికి పోవడం అంతకుముందు లేదు. అంగట్లో కూర్చునే జనం మనం, ఇంకొకరి ముందర నిలబడే జనం కాదు అని మా నాయన రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. నేను వినలేదు. టైపు లోయరు, హయ్యరు రెండూ పాసయ్యాను, ఇంగ్లీషు బాగా వచ్చు, ఆ రెండూ పెట్టుకుని ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? వారమంతా హోసూరులో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి కృష్ణగిరి పోయేదాన్ని.

ఆ నోటీసు ఎందుకు పుట్టిందో చెప్పాలి. వైండింగ్ సెక్షన్‌కు కొత్తగా ఒక సూపర్‌వైజరు వచ్చాడు. ఆడవాళ్ళు ఊరికే బయటికి పోతున్నారని, పని సాగడం లేదని, వాకిలి దగ్గర ఒక స్టూలు వేయించి దాని మీద ఒక పుస్తకం పెట్టించాడు. ఎవరైనా ఒంటికి పోవాలంటే ముందు ఆ పుస్తకంలో పేరు రాయాలి, పోయిన టైము రాయాలి, తిరిగొచ్చిన టైము రాయాలి. చివర ఇంకో గడి ఉంది. అందులో కారణం రాయాలి. రాయడం రానివాళ్ళు కారణం ఆయనకు నోటితో చెబితే ఆయన రాసుకుంటాడు. వాళ్ళలో సగానికి సగం మందికి రాయడం రాదు.

పక్కనే మగవాళ్ళ సెక్షన్ ఉంది. వాళ్ళకు పుస్తకం లేదు.

మొదటి వారంలో ఆడవాళ్ళు నోరెత్తలేదు. నీళ్ళు తాగడం మానేశారు. పొద్దున ఇంటి దగ్గర తాగి వచ్చిన కాఫీయే, మళ్ళీ సాయంత్రం దాకా గొంతు తడుపుకోవడం లేదు. కల్లావి వైపు నుంచి వచ్చిన ఒక పిల్లకు, పెళ్ళై ఏడాది కూడా కాలేదు, మంట పుట్టి జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకుంది. తిరిగి వచ్చిన రోజు ఆ పిల్లను కూడా సూపర్‌వైజరు పుస్తకం దగ్గర ఆపి కారణం అడిగాడు. ఆ రోజు నుంచి వాళ్ళు రాయడం మానేశారు. ఎవరికి అవసరమైతే వాళ్ళు లేచి పుస్తకం పక్కనుంచే పోయి వచ్చేవాళ్ళు. ఆయన కేకలు వేసేవాడు. వీళ్ళు తల తిప్పేవాళ్ళు కాదు.

ఈ సంగతులన్నీ నాకు తెలిసింది పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక అక్క వల్ల. ముప్పై అయిదేళ్ళుంటాయి. మొగుడు లారీ షెడ్డులో పనిచేసేవాడు, ముగ్గురు పిల్లలు. ఆమె తీగ చుడుతుంటే వేళ్ళు కనబడేవి కావు, అంత జోరు. మధ్యాహ్నం అన్నం వేళ వాళ్ళందరూ గోడ నీడన కూర్చుంటే, నేను కూడా నా డబ్బా తీసుకుని అక్కడికే పోయేదాన్ని. ఆఫీసులో మగవాళ్ళ మధ్య తినబుద్ధి అయ్యేది కాదు. ఒక రోజు ఆమె మజ్జిగన్నం కలుపుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగింది.

“మీ ఆఫీసులో నీకూ పుస్తకం ఉండాదా అమ్మా?”

లేదన్నాను.

“మరి నువ్వు పోవా?”

పోతాను అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా దెప్పడానికి అడగలేదు, తెలుసుకోవడానికే అడిగింది. కానీ ఆ రోజు నా డబ్బాలో అన్నం సగం మిగిలిపోయింది. నేను రోజుకు రెండు మూడుసార్లు ఆఫీసు వెనక బాత్రూముకు పోయి వస్తాను, ఎందుకని అడిగినవాడు లేడు. వాళ్ళ చెయ్యి నా చెయ్యి కంటే ఎక్కువ పని చేస్తుంది. నేను ఒక గోడకు అవతల కూర్చున్నానన్న ఒక్క కారణానికి నా ఒళ్ళు నాది, వాళ్ళ ఒళ్ళు ఆ పుస్తకానిది.

ఆ తర్వాత మూడో రోజో నాలుగో రోజో ఈ చిత్తు కాగితం నా చేతికి వచ్చింది. శుక్రవారం సాయంత్రం. నేను స్పెల్లింగ్ దిద్దినందుకు కోపం వచ్చిన ఆఫీసరు, ఇంగ్లీషు ఒక్కటే చాలదు, దీన్ని తెలుగులోనూ అరవంలోనూ పెద్ద చార్టు మీద రాసి సోమవారం పొద్దునకు వైండింగ్ సెక్షన్‌లో అంటించాలి అన్నాడు. ఆయన ఉత్తరాది మనిషి, మన అక్షరాలు ఒక్కటీ రావు. నేను తలుపు దాకా పోయాక మళ్ళీ పిలిచాడు. సొంత తెలివి చూపించవద్దు, మాటకు మాట రాయి, ఒక్కటి కూడా మార్చవద్దు అన్నాడు. స్పెల్లింగ్ సంగతి మనసులో పెట్టుకునే ఆ మాట అన్నాడని నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం బస్సులో కృష్ణగిరి పోతూ ఆ మాటనే నమిలాను. టో ద లైన్ అన్న మాట నాకు కొత్త కాదు. డెబ్బైలలో నేను బళ్ళో చదివేటప్పుడు మాకు ఇంగ్లీషు చెప్పిన టీచరు ఒకావిడ ఉండేది. వారానికి నాలుగు ఇడియంలు నేర్పేది. అర్థం బట్టీ పడితే ఒప్పుకునేది కాదు. ఆ మాట ముందు ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఎవరు ఎవరితో అంటారు, ఎక్కడ అనకూడదు, ఈ మూడూ చెప్పాలి. చెప్పలేకపోతే బెంచీ ఎక్కించేది. టో ద లైన్ మాత్రం ఆవిడ క్లాసులో నేర్పలేదు, ఆటల పోటీల రోజు మైదానంలో నేర్పింది. సున్నంతో గీత గీయించి, పరుగుకు నిలబడ్డ మమ్మల్ని చూసి, టో ద లైన్ గర్ల్స్, గర్ల్స్ అని గట్టిగా అంది. మేము గీత వెనక రెండడుగుల దూరంలో బెదురుతూ నిలబడి ఉన్నాం. ఆవిడే వచ్చి ఒక్కొక్కరి కాలు పట్టుకుని ముందుకు జరిపి, బొటనవేలు సున్నానికి తాకేటట్టు పెట్టింది. చీర అంచంతా సున్నం అయింది. వెనక నిలబడితే నీకే నష్టం, ముందు నిలబడితే తీసేస్తారు, సరిగ్గా గీతకు ఆనించి నిలబడు అని చెప్పింది.

ఆవిడ అప్పటికి రిటైరై కృష్ణగిరిలోనే ఒక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. నేను పోయేసరికి వాకిట్లో కూర్చుని సెనగలు ఏరుతోంది. చిత్తు కాగితం చూపించాను. ముందు డబ్ల్యూ చూసింది.

“ఇది ఎవురు రాసినారు?”

మా ఆఫీసరు అన్నాను. ఇంగ్లీషు రానందుకేనా ఆయనకు నెల జీతం ఇచ్చేది అంది. తర్వాత నన్ను కూర్చోబెట్టి, బళ్ళో అడిగినట్టే అడిగింది. ఎక్కడ పుట్టింది? పరుగు పందెంలో అన్నాను. అట్లని కొందరంటారు, ఓడ మీద పనివాళ్ళను పలకల సందు గీతకు వరసగా నిలబెట్టేవాళ్ళని ఇంకొందరంటారు, ఏది నిజమో నాకూ తెలియదు అంది. ఇప్పుడు అర్థం ఏమిటి? చెప్పినట్టు వినడం అన్నాను. మన భాషలో? నేను ఆలోచించేలోగా ఆవిడే చెప్పింది. గీసిన గీటు దాటకుండా ఉండటం.

“చూసినావా, వాళ్ళకూ గీతే, మనకూ గీతే. వాళ్ళు గీత దగ్గరికి రమ్మంటారు, మనం గీత దాటొద్దంటాం. రెండూ ఒకటే పని చేస్తాయి.”

ఎవరు ఎవరితో అంటారు అన్నది చివరి ప్రశ్న. ఆవిడే చేటను పక్కన పెట్టి జవాబు చెప్పింది. ఈ మాట పైవాళ్ళు కిందివాళ్ళతో అనే మాట. నేను టో ద లైన్ చేస్తాను అని గర్వంగా చెప్పుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు, పుస్తకాల్లో కూడా చదవలేదు అంది.

అప్పుడు నేను పుస్తకం సంగతి చెప్పాను. కారణం గడి సంగతి, నీళ్ళు మానేయడం, కల్లావి పిల్ల జ్వరం, అన్నీ చెప్పాను. మాటకు మాట రాయమన్నాడు టీచర్ అన్నాను. ఇడియంను మాటకు మాట రాయమనేవాడికి భాష అంటే ఏమిటో తెలియదు అంది. మాటకు మాట రాస్తే ఏమవుతుంది అన్నాను. ఆవిడకు నా మనసులో ఉన్నది అర్థమైంది. నవ్వు రాబోయి ఆగిపోయినట్టు పెదవులు బిగించింది.

“నేను అర్థం చెప్పినాను. ఏది రాయాల్నో మాత్రం చెప్పను. అది నీ చెయ్యి.”

ఆదివారం మా ఇంటి నడవలో చార్టు పరిచి రాయడానికి కూర్చున్నాను. రెండు వాక్యాలు నా ముందు ఉన్నాయి. ఒకటి, ‘ఆడ కార్మికులందరూ గీసిన గీటు దాటకుండా నడుచుకోవాలి.’ అది సరైన అనువాదం. ఎవరూ తప్పు పట్టలేరు. కానీ దాన్ని రాస్తే ఆ గీటు గీసిన చెయ్యి నాది అవుతుంది. నా అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉంటాయని బళ్ళో పేరు. ఆ గుండ్రని అక్షరాలతో ఆ అక్కను బెదిరించాలి. రెండోది, ఆఫీసరు చెప్పినట్టు మాటకు మాట.

తెలియక రాశానని నేను ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. తెలిసే రాశాను. ‘వైండింగ్ సెక్షన్‌లోని ఆడ కార్మికులందరూ గీతకు కాలివేళ్ళు ఆనించాలి. అలా చేయనివారిపై చర్య తీసుకోబడుతుంది.’ కింద అరవంలో కూడా అదే. కన్నడం వాళ్ళు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేస్తారు.

మా నాయన అంగడి మూసి వచ్చి నడవలో నిలబడి చదివాడు.

“ఇదేమమ్మా, మీ ఫ్యాక్టరీలో డ్రిల్లు చేయిస్తారా?”

లేదు నాయనా అని, జరిగింది అంతా చెప్పాను. ఆడవాళ్ళ సంగతి ఆయన ముందు మాట్లాడటం అదే మొదలు. ఆయన పక్కకు చూస్తూ విన్నాడు. విని, నీ ఉద్యోగం పోతుంది అన్నాడు. పోవచ్చు అన్నాను. అంగట్లో ఇత్తడి బిందె అంచు చూసినట్టు ఆ చార్టును కాసేపు చూసి, ‘కార్మికులు’లో ‘ర్మి’ మీద గుడి చెరిగింది దిద్దు అని చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

సోమవారం పొద్దున ఆఫీసరు చార్టు మీద సంతకం చేశాడు. అక్షరాలు బాగున్నాయని కూడా అన్నాడు. నేనే తీసుకుపోయి వైండింగ్ సెక్షన్ గోడకు అంటించాను. ఆ సెక్షన్‌లో నేల మీద మిషన్లకు ముందు పొడుగునా ఒక పసుపు గీత ఉంది. మనుషులు నడిచే దారికీ మిషన్లకూ మధ్య హద్దుగా పెయింటు వేశారు.

ముందుగా చదివింది సూపర్‌వైజరే. అరవంలో ఉన్నది రెండుసార్లు చదివాడు. ఆఫీసరు సంతకం చూశాడు. సంతకం కింద ఏం రాసి ఉన్నా అది ఆయనకు ఆర్డరే. పై నుంచి ఏదో కొత్త పద్ధతి వచ్చిందనుకున్నాడు. నన్నే అడిగాడు, ఈ గీతేనా అని. చార్టులో ఉన్నది అంతే సార్ అన్నాను. అప్పటికి ఆడవాళ్ళందరూ గుమిగూడారు. చదవడం వచ్చిన ఒకామె పైకి చదివింది. పలమనేరు అక్క ఆ చివరి వాక్యం ఇంకొకసారి చదివించుకుని, నా దగ్గరికి వచ్చింది.

“ఎంతసేపు నిలబడాలని రాసుండాదా అమ్మా?”

“లేదక్కా. ఎంతసేపని రాయలేదు.”

ఆమె నా కళ్ళలోకి చూసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు. ఆమె వెళ్ళి చెప్పులు విప్పి, పసుపు గీతకు పది వేళ్ళూ ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది. పక్కన ఇంకొకామె. ఆ పక్కన కల్లావి పిల్ల. అయిదు నిమిషాల్లో ముప్పై మందికి పైగా ఆడవాళ్ళు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీతకు వేళ్ళు ఆనించి నిలబడ్డారు. నవ్వు లేదు, కేక లేదు. మిషన్లు ఆగిపోయాయి.

సూపర్‌వైజరు మొదట బాగానే ఉందనుకున్నాడు. పావుగంట తర్వాత, సరే పనికి పొండి అన్నాడు. ఎవరూ కదలలేదు.

“కాలు తీస్తే చర్య తీసుకుంటామని రాసుండారప్పా. మేం తీయం,” అంది అక్క.

ఆయన పరుగెత్తుకుంటూ ఆఫీసుకు వచ్చాడు. ఆఫీసరు వెళ్ళి ఇంగ్లీషులో అరిచాడు, హిందీలో అరిచాడు. వాళ్ళు గోడ మీద చార్టు వైపు చూపించారు. ఆయనకు అందులో ఏముందో చదవడం రాదు. ఎవరిని అడిగినా, మీ సంతకమే సార్ అంటున్నారు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఒకామెకు కాళ్ళు లాగితే పక్కామె భుజం పట్టుకుంది గానీ వేళ్ళు గీత మీదనుంచి తీయలేదు. నేను ఆఫీసు గుమ్మంలో నిలబడి అంతా చూశాను. భయం ఉండింది, లేదనను. అయినా లోపలికి పోయి కూర్చోబుద్ధి కాలేదు.

పదకొండు దాటాక వర్క్స్ మేనేజరు వచ్చాడు. బెంగుళూరు మనిషి, వయసు మీరినవాడు, ఎక్కువ మాట్లాడడు. అప్పుడే బెంగుళూరు నుంచి దిగి, మిషన్ల చప్పుడు లేకపోవడం గమనించి లోపలికి వచ్చాడు. గోడ దగ్గరికి పోయి తెలుగు చార్టును కన్నడం చదివినట్టు మెల్లగా చదివాడు. తర్వాత వరసలో అక్క ముందు నిలబడి, కన్నడం కలిసిన తెలుగులో, ఇది ఎందుకమ్మా అని అడిగాడు.

అక్క గీత మీద కాలు తీయకుండానే చెప్పింది.

“పుస్తకం కోసరం సార్. మేం ఒంటికి పోతే ఏంటికి పోతిరని అడిగే పుస్తకం. మా ఇంట్లో మొగుడు కూడా అడగడు సార్ ఆ మాట.”

ఆయన పుస్తకం తెమ్మన్నాడు. సూపర్‌వైజరు తెచ్చి ఇచ్చాడు. ఆయన అక్కడే నిలబడి పేజీలు తిప్పాడు. కారణం గడిలో సూపర్‌వైజరు ఏం రాశాడో మాకెవరికీ అంతవరకు తెలియదు. తర్వాత నేను చూశాను. కొన్నిచోట్ల ‘మళ్ళీ’ అని ఇంగ్లీషులో రాశాడు. కల్లావి పిల్ల పేరు పక్కన ఒకే రోజు నాలుగుసార్లు ‘మళ్ళీ’ అని రాసి, కింద గీత కొట్టాడు. ఆ పిల్లకు జ్వరం రావడానికి ముందు రోజు అది.

వర్క్స్ మేనేజరు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. ఇంక ఇది ఉండదు, పనికి పొండి అని మాత్రం అన్నాడు. వాళ్ళు అప్పుడు కాళ్ళు తీశారు. అక్క గీత పక్కనే కూలబడి మడమలు నొక్కుకుంది. ఆ తర్వాత వరసగా నలుగురు లేచి, ఎవరినీ అడగకుండా, స్టూలు పక్కనుంచి నడిచి బయటికి పోయారు.

నా వంతు మధ్యాహ్నం వచ్చింది. ఆఫీసరు ఎవరిచేతనో చార్టు చదివించుకుని అర్థం చెప్పించుకున్నాడు. కావాలని తప్పు తర్జుమా చేసి పని ఆపించానని నాకు మెమో ఇచ్చాడు. దాన్ని కూడా నాచేతే టైపు కొట్టించాడు. మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలి. వర్క్స్ మేనేజరు నన్ను పిలిచి మెత్తగానే మాట్లాడాడు. నీది చిన్న వయసు, ఒక దారి ఉంది, నాకు ఇంగ్లీషు అంతగా రాదు, ఆ మాటకు అర్థం తెలియక రాశాను అని రెండు ముక్కలు రాసి ఇవ్వు, నేను చూసుకుంటాను అన్నాడు. ఆయన నా మంచికే చెప్పాడు, అందులో అనుమానం లేదు.

నేను ఆ రెండు ముక్కలు రాయలేదు. రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. ఉద్యోగం ఉంచుకోవడానికి అంత చిన్న అబద్ధం చాలు. కానీ ఆ అబద్ధం ఏమంటుంది? డబ్ల్యూ రాసినవాడికి ఇంగ్లీషు వచ్చు, దాన్ని దిద్దినదానికి రాదు. కృష్ణగిరి బళ్ళో నా కాలు పట్టుకుని గీతకు ఆనించిన మనిషి నాకేమీ నేర్పలేదు. వేళ్ళు ఆనించి మూడు గంటలు నిలబడ్డ ఆడవాళ్ళను నడిపించింది ఒక టైపిస్టు తెలివితక్కువతనం. నా చేత చెప్పించదలచుకున్నది అదీ. నేను చెప్పను.

జవాబు నేనే టైపు కొట్టాను. పూర్తిగా ఒక పేజీ వచ్చింది. టో ద లైన్ అన్న మాట ఎట్లా పుట్టిందంటారో, ఇప్పుడు దాని అర్థం ఏమిటో, ఎవరు ఎవరితో అంటారో, ఎట్లా రాస్తే తప్పో, రెండు వాక్య ప్రయోగాలతో సహా రాశాను. దానికి సరిపోయే తెలుగు నాకు తెలుసని ఆ తెలుగు కూడా రాశాను. మాటకు మాట రాయమని నాకు ఆర్డరు ఇచ్చారు, ఆ ఆర్డరును నేను పాటించాను అని రాశాను. ఆ పుస్తకం పెట్టకూడనిదని కూడా రాశాను. క్షమాపణ అన్న మాట ఎక్కడా రాయలేదు.

నా ప్రొబేషను ఇంకో మూడు వారాల్లో ముగుస్తుంది. పొడిగించలేదు. మేనేజ్‌మెంటుకు నా సేవలు అవసరం లేవని ఒక లైను రాసి ఇచ్చారు. అందులో స్పెల్లింగ్ తప్పులు లేవు.

ఆఖరి రోజు మధ్యాహ్నం గోడ నీడన వాళ్ళతో కలిసి తిన్నాను. కల్లావి పిల్ల ఇంటి నుంచి నాకని ఒబ్బట్లు చేసి తెచ్చింది. నేను లేచేటప్పుడు అక్క నా డబ్బా మూత పెట్టి ఇస్తూ అడిగింది.

“మాకోసరం పోగొట్టుకుంటివా అమ్మా?”

“లేదక్కా. నాకోసరమే.”

అది నిజం. వాళ్ళు నన్ను ఏమీ అడగలేదు. వాళ్ళ పోరాటం నేను కలగజేసుకోకముందే మొదలైంది. నేను చేసింది ఒక్క వాక్యం. ఆ వాక్యం నా పేరు మీద తప్పు వైపు నిలబడకూడదు అనుకున్నాను, అంతే.

శనివారం కాని రోజు ఇంటికి వచ్చిన నన్ను చూసి మా నాయనకు అర్థమైంది. నేను చెప్పలేదా అంటాడనుకున్నాను. అనలేదు. చేతిలోని సంచి అందుకుని ఒకటే అడిగాడు.

“తప్పని రాసిచ్చినావా?”

లేదు నాయనా అన్నాను. ఆయన సరే అన్నట్టు తల ఆడించి, మా అమ్మను కాఫీ పెట్టమన్నాడు. ఆ రోజు నుంచి అంగడికి వచ్చిన వాళ్ళతో, మా అమ్మాయి ఇంగ్లీషులో ఆఫీసర్లను దిద్దుతుంది అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఇంకొకరి ముందర నిలబడే జనం మనం కాదు అన్న మాట మాత్రం మళ్ళీ అనలేదు.

తర్వాత ఏడాది కష్టంగానే గడిచింది. రెండు చోట్ల ఇంటర్వ్యూకు పోయాను. ముందు ఉద్యోగం ఎందుకు వదిలావని రెండు చోట్లా అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండు చోట్లా రాలేదు. మా అమ్మ, ఆరోగ్యం బాగలేక వదిలినానని చెప్పకూడదా అంది. నా ఆరోగ్యానికి ఏమీ కాలేదు, ఎందుకు చెప్పాలి? టీచరు ఇంటికి పోయి ఆ జవాబు కాగితం నకలు చూపించాను. ఆవిడ ఎర్ర పెన్ను తీసుకుని చదివింది. ఒక కామా తీసేసింది. మార్కులు వేయలేదు గానీ ఆ కాగితం తన దగ్గరే ఉంచుకుంది.

మూడో ఇంటర్వ్యూ మత్తూరులో. అక్కడ ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు చెప్పడానికి మనిషి కావాలన్నారు. బడి నడిపే పెద్దమనిషి వ్యవసాయదారుడు, చదువు తక్కువ, చూపు చురుకు. నేను చెప్పిందంతా నిమ్మళంగా విన్నాడు. విని, కుర్చీలో ముందుకు వంగి అడిగాడు.

“ఈడ అట్లాంటి పని చేయవు గదమ్మా?”

“ఈడ అట్లాంటి పుస్తకం పెట్టరు గద సార్?”

ఆయన భార్య పక్క గదిలోంచి తొంగి చూసింది. ఆయన గడ్డం గోక్కున్నాడు. కాసేపటికి, సోమవారం రా అన్నాడు.

ఆ బళ్ళో పదకొండేళ్ళు పాఠం చెప్పాను. నేను చేరిన రోజు ఆడపిల్లల బాత్రూముకు తలుపు ఉంది గానీ గడియ లేదు. ఒక పిల్ల లోపలికి పోతే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడేది. అడిగితే చూద్దాం అన్నారు, మళ్ళీ అడిగితే కొత్తగా వచ్చినదానివి ఇవన్నీ నీకెందుకు అన్నారు. ప్రతి సోమవారం అడిగాను. ఏడాదిన్నర పట్టింది. గడియ పెట్టించాను.